ఒంటి వెచ్చదనము

చదువవలసిన భాగము: 2 రాజులు 4:18–37



ఈ నెల ధ్యానమునకు షూనేము ఊరిలోని ఒక తల్లిని మీ యెదుట నిలువబెట్టుచున్నాము. ఆమె కుమారుడు కోతకాలమున తండ్రియొద్దకు పొలమునకు పోయెను. అచ్చట తలనొప్పియని మొఱపెట్టెను. పనివాడు వానిని మోసికొని వచ్చి తల్లికి అప్పగించెను. మధ్యాహ్నమువరకు ఆమె ఒడిలో ఉండి వాడు చనిపోయెను. ఈ కథ మీకందరికి తెలిసినదే. ఆదివారపు బడి పిల్లలు సయితము చెప్పగలరు. అయినను ఇందులోని ఒక మాటను మేము ఇన్నేండ్లు సేవచేసియు సరిగా చదువలేదు. ఎలీషా ఆ బిడ్డమీద చాచుకొని పండుకొనగా బిడ్డ ఒడలు వెచ్చపడెనని 34వ వచనము చెప్పుచున్నది. ఆ వెచ్చదనము ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్న మేమెన్నడును వేసికొనలేదు. మా సంఘములోని ఒక పెద్దాయన జబ్బువలన దానికి జవాబు నేర్చుకొంటిమి. నేర్చుకొన్న విధము మాకు సిగ్గు కలిగించునదే. అయినను మీకు చెప్పక మానరాదు.

ఆ పెద్దాయన వయస్సు డెబ్బది దాటినది. వానకాలములో ఒక ఉదయమున పశువుల కొట్టములో కాలు జారి పడగా తల గుంజకు తగిలెను. బొప్పి కట్టెను. కొబ్బరినూనె రాచిరి. రెండు దినములు పండుకొని మూడవ దినమున లేచి పనికి పోయెను. అందరమును ఆ సంగతి మరచితిమి. అయిదారు వారములు గడచిన తరువాత ఆయన మాట తడబడసాగెను. ఎడమకాలు ఈడ్చుచుండెను. కంచము ముందర కూర్చుండి, ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీయుచుండెను. ఒక ఆదివారము ప్రభుభోజనపు గిన్నె ఆయన ఎడమచేతిలోనుండి జారిపడెను. కొందరు ముసలితనమనిరి. కొందరు గాలి సోకినదనిరి. ఆయన త్రాగుచున్నాడేమోయని గుసగుసలాడినవారును కలరు.

ఒక సాయంకాలమున ఆయన కోడలు మా యింటికి వచ్చెను. "అయ్యగారూ, మామయ్య మునుపటి మనిషి కాదండి. ఒక్కసారి వచ్చి చూడండి" అనెను. అప్పుడు మేము సంఘపు లెక్కలు వ్రాసికొనుచుంటిమి. మరునాడు వాటిని పంపవలసియుండెను. లేచుటకు మనస్సు రాలేదు. ఒక చీటీమీద వాక్యమొకటి వ్రాసి, "ఇది మామయ్య తలగడ క్రింద పెట్టమ్మా. మేమిక్కడ ప్రార్థన చేయుచుందుము. పెద్ద వయస్సు గదా, అంతే" అని చెప్పి పంపితిమి. ఆ చెల్లి గడపయొద్ద కొంతసేపు నిలిచి, ఏమియు మాటలాడక వెళ్లిపోయెను. మూడు దినములకు మేము వెళ్లితిమి. ఒక చెప్పు విడిచి ఒకటి కాలికి ఉండగానే వాకిట నిలిచి అయిదు నిమిషములు ప్రార్థించి మరలితిమి. మంచము దగ్గరకు పోలేదు. ఆయన చేయి పట్టుకొని చూడలేదు. చూచియుండినయెడల ఆ చేతిలో పట్టు లేదని మాకు తెలిసియుండును. ఆ కోడలు మా గడప త్రొక్కిన తొమ్మిదవ దినమున, మా మాటకు కాచుకొనక, తన తమ్ముని వెంటబెట్టుకొని ఆయనను బస్సులో పట్నపు ఆసుపత్రికి తీసికొనిపోయెను.

అక్కడ సి.టి. స్కాను తీసిరి. పుర్రెకును మెదడుకును నడుమ పాత రక్తము నిలిచి మెదడును నొక్కుచున్నదని తేలెను. ప్రియులారా, ఈ జబ్బును గూర్చి మీరు తెలిసికొనవలెను. మన యిండ్లలో వృద్ధులు ఉన్నారు గదా. వయస్సు మీరినకొలది మెదడు కొంత కుంచించుకొనిపోవును. పుర్రె లోపలి సందు పెరుగును. ఆ సందు దాటిపోవు సన్నని సిరలు సాగి బిగిసియుండును. చిన్న దెబ్బకే వాటిలో ఒకటి తెగవచ్చును. రక్తము డ్యూరా అను గట్టి పొర క్రింద మెల్లమెల్లగా చేరును. వారములు గడచునప్పటికి అది మోటారు ఇంజనులోనుండి తీసిన పాత నూనెవలె నల్లని ద్రవమగును. పడిన సంగతి ఇంటివారు మరచిన తరువాతనే రోగము బయటపడును. దీనికి మందు ముసలితనమును నిందించుట కాదు. భూతవైద్యమును కాదు. వైద్యులు పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రములు చేసి ఆ పాత రక్తమును బయటికి తీయుదురు. ఉప్పునీటితో లోపల బాగుగా కడుగుదురు. ఆ నీటిని సెలైను అందురు. అందులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉండును. ఆ మీద ఒక సన్నని గొట్టము పెట్టి మిగిలినది కారిపోవునట్లు చేయుదురు. మా పెద్దాయనకు అట్లే చేసిరి. మరునాడు ఆయన కోడలిని పేరుపెట్టి పిలిచి, "గేదెకు కుడితి పోసినారా?" అని అడిగెనట.

మేము ఆసుపత్రికి వెళ్లినప్పుడు అచ్చటి డాక్టరుగారు ఓపికగా కూర్చుండి ఇదంతయు వివరించిరి. అప్పుడే ఒక సంగతి చెప్పిరి. ఆ సంగతియే ఈ ధ్యానమునకు విత్తనమాయెను. ఈ ఆపరేషను తరువాత కొందరికి రక్తము మరల చేరును. వారికి రెండవ మారు తల తెరువవలసి వచ్చును. ఇట్లు ఏల జరుగునని వైద్యులు వెదకుచుండగా, స్వీడను దేశపు వైద్యులకు ఒక ఆలోచన తోచెను. మనము కడుగు నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నవని ఎవరైనను అడిగితిరా? ఆపరేషను గదిలో నిలువయుంచిన సెలైను ఆ గదియంత చల్లగా, అనగా సుమారు 22 డిగ్రీల సెంటీగ్రేడు ఉండును. మనుష్యుని ఒంటి వేడి 37 డిగ్రీలు. చల్లదనములో రక్తము గడ్డకట్టు శక్తి మందగించును. గడ్డకట్టనిచో కారుట ఆగదు. వెచ్చని నీరు పాత గడ్డలను మేలుగా కరగించి తీయునేమోయనియు వారు తలంచిరి.

2016 మొదలుకొని 2020 వరకు వారు ఈ సంగతిని పరీక్షించిరి. 541 మంది రోగులు ఇందులో చేరిరి. వారిలో చాలమంది వృద్ధులే. చీట్లు వేసినట్లుగా వారిని రెండు గుంపులుగా విభజించిరి. 277 మందికి గది చల్లదనముగల నీటితో కడిగిరి. 264 మందికి అదే ఉప్పునీటిని 37 డిగ్రీలకు వెచ్చజేసి కడిగిరి. మందు మారలేదు, కత్తి మారలేదు, వెచ్చదనము ఒక్కటే మారెను. ఆరు నెలలు కనిపెట్టి చూచిరి. మొదటి గుంపులో 39 మందికి, అనగా నూటికి సుమారు 14 మందికి, మరల ఆపరేషను కావలసివచ్చెను. రెండవ గుంపులో 16 మందికే, అనగా నూటికి సుమారు 6 గురికే, కావలసివచ్చెను. 2022లో అమెరికా వైద్య సంఘపు నాడీవైద్య పత్రికలో దీనిని ప్రకటించిరి. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గనుక ఇదియు చెప్పుచున్నాము: మరణముల లెక్కలో గాని ఇతర చిక్కుల లెక్కలో గాని రెండు గుంపులకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. నూటికి ఎనమండుగురు రెండవ మారు కత్తి క్రిందికి పోకుండ తప్పించుకొనిరి, అంతే. ఇది కొద్దియేనా? నూరు గొఱ్ఱెలలో ఒక్కటి తప్పిపోయినందుకు కొండలు తిరిగిన కాపరిని మనము ఎరుగుదుము. ఆయన లెక్కలో ఎనిమిది కొద్దికాదు.

డాక్టరుగారి మాట వినినప్పుడు మా గుండెలో నాటినది ఒకటి కలదు. ఆ 22 డిగ్రీలు చలి కాదు. ఆ గదిలో నిలిచియున్నవారికి అది హాయి. మన ఊళ్లలో ఎండకాలమున అంత చల్లదనము దొరికినచో దేవునికి స్తోత్రములు చెప్పుదుము. అయితే నిలిచినవారికి హాయిగా ఉన్నది, తెరువబడిన తలకు చల్లనిది. గది ఎంత వెచ్చగా ఉన్నదో చూచి నీళ్లు పోసినంతకాలము ఎవరును తప్పు చేయుచున్నామని అనుకొనలేదు. రోగి ఒంటిని చూచి నీళ్లు పోసినప్పుడు భేదము తెలిసెను.

ప్రియులారా, మా చీటీ అట్టిదే. అందులో వ్రాసిన వాక్యము సత్యవాక్యమే. నీరు మంచిదే, ఉప్పు సరిగానే ఉన్నది. అయితే అది మా గది చల్లదనముతో పోయెను. మా లెక్కల పుస్తకము ప్రక్కన మాకు హాయిగానే ఉండెను. ఆ ఇంటిలో భయపడుచున్న కోడలికి అది చల్లనీరు. మనస్సు కుందినవానియెదుట పాటలు పాడుట చలిదినమున పై బట్ట లాగివేయుట వంటిదని సామెతలు 25:20లో జ్ఞాని చెప్పెను. పాట చెడ్డదని ఆయన చెప్పలేదు సుమా! వినువాని స్థితి ఎరుగక పాడుట చెడ్డదనెను.

ఇప్పుడు షూనేమునకు మరల పోదము. ఆ తల్లి గాడిదను కట్టించుకొని కర్మెలు కొండకు వచ్చి ప్రవక్త పాదములు పట్టుకొనెను. ఎలీషా మొదట ఏమి చేసెను? తన దండమును గేహజీ చేతికిచ్చి, దారిలో ఎవరిని పలుకరింపక పోయి బిడ్డ ముఖముమీద పెట్టుమని పంపెను. అది ప్రవక్త దండమే. గేహజీ త్వరగానే పోయెను. చెప్పినట్లే చేసెను. అయినను బిడ్డలో శబ్దము లేదు, చలనము లేదు. ఆ తల్లి మొదటనే ఎరుగును. దండముతో తృప్తిపడక, ప్రవక్తను విడిచి కదలనని ఒట్టు పెట్టుకొనెను. ఆమె కోరినది దండమును కాదు, మనిషిని. మా చీటీ చూచి గడపయొద్ద నిలిచిపోయిన ఆ చెల్లియు మనిషినే కోరెను. ఆమె ఒట్టు పెట్టుకొనలేదు. మమ్మును గౌరవించి ఊరకుండెను. ఆ మౌనమును మేము సమ్మతి అనుకొంటిమి.

తరువాత ఎలీషా తానే వచ్చెను. తలుపు మూసి మొదట ప్రార్థించెను. తరువాత మంచమెక్కి బిడ్డ నోటిమీద తన నోరును, కన్నులమీద తన కన్నులను, చేతులమీద తన చేతులను ఉంచి పండుకొనెను. పెద్దవాడు చిన్నవాని కొలతకు వంగెను. అప్పుడు ఒడలు వెచ్చపడెను. బ్రదుకునిచ్చినవాడు దేవుడే. అయితే ఆయన ఆ వెచ్చదనమును దండముద్వారా పంపక ఒక మనుష్యుని ఒంటిద్వారా పంపెను. ఒక్కసారితో పని ముగియలేదు కూడ. ఎలీషా లేచి ఇంటిలో ఇటు అటు నడచి, మరల ఎక్కి పండుకొనెను. అప్పుడు బిడ్డ ఏడుమారులు తుమ్మి కన్నులు తెరచెను. ఒక్కసారి పరామర్శించి చేతులు దులుపుకొను మనకు ఇది బుద్ధి చెప్పుచున్నది.

ఇది క్రీస్తుయొక్క మార్గమే గదా! దేవుడు పరలోకమునుండి చీటీ వ్రాసి పంపి ఊరకుండెనా? ప్రవక్తలద్వారా పలికిన తరువాత తానే కుమారునియందు వచ్చెను. మనము రక్తమాంసములు గలవారము గనుక ఆయనయు వాటిలో పాలుపొందెను. అన్ని విషయములలో సహోదరులవంటివాడాయెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము చదివి చూడుడి. ఆయన మన ఒంటి వేడికి వచ్చెను. కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగల ప్రభువు చేయి చాపి ముట్టెను. ఎందరో సంవత్సరములుగా ముట్టని ఒంటికి ఆ చేతి వెచ్చదనము తగిలెను.

ఇక్కడ మీలో ఒకరు లేచి, "అయ్యగారూ, లవొదికయ సంఘము నులివెచ్చగా ఉన్నదని ప్రభువు ఉమ్మివేయుదునని చెప్పెను గదా? మీరు ఆ వెచ్చదనమునే పొగడుచున్నారేమి?" అని అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. లవొదికయకు సమీపమున హియెరాపొలిలో వేడినీటి ఊటలున్నవి. ఇంకొకవైపున కొలొస్సయి చల్లని నీళ్లకు పేరుగాంచినది. లవొదికయకు నీరు రాతిగొట్టములలో దూరమునుండి వచ్చుచుండెను. సున్నము పేరుకొనిన ఆ గొట్టములు నేటికిని తుర్కీ దేశములో కనబడుచున్నవి. వేడినీరు నొప్పికి పనికివచ్చును. చల్లనీరు దప్పికకు పనికివచ్చును. దారిలో వేడి పోగొట్టుకొని, చల్లదనమును సంపాదించుకొనక వచ్చిన నీరు దేనికి పనికివచ్చును? అందుకే ప్రభువు అట్లు పలికెనని పండితులు కొందరు వివరింతురు. వైద్యుడు వెచ్చజేసిన నీరు అట్టిది కాదు. అది అజాగ్రత్తచేత అట్లయినది కాదు. రోగికొరకు కొలిచి సిద్ధపరచినది. ఎవనికొరకును కానిది ఒకటి, ఒకనికొరకే అయినది ఒకటి. ఈ రెండును ఒకటి కావు.

చల్లని నీటికిని తన కాలము కలదు. కొందరు రోగులను మెలకువగా ఉంచి మెదడుకు ఆపరేషను చేయుదురు. ఏ భాగము ఏ పని చేయుచున్నదో తెలిసికొనుటకు సన్నని విద్యుత్తుతో మెదడును తాకి చూచునప్పుడు ఒక్కొక్కసారి మూర్ఛ పుట్టును. అప్పుడు మంచువలె చల్లని నీటిని మెదడుమీద పోయగా అది అణగునని సార్టోరియస్, బెర్గర్ అను వైద్యులు 1998లో ప్రకటించిరి. అట్లే కోపముతో ఊగిపోవు సహోదరునికి చల్లని మాట కావలెను. దప్పిగొనినవానికి గిన్నెడు చన్నీళ్లిచ్చిన ఫలము పోదని ప్రభువే చెప్పెను. పాపములో నిద్రపోవు దావీదునకు నాతాను చెప్పిన మాట చల్లగా తగిలియుండును. అది కావలసియుండెను. మరియు వేడి మితిమీరినచో మెదడును గాయపరచును. ఆసక్తి ఎక్కువై తగులబెట్టు సేవకులును కలరు. కనుక ప్రశ్న వేడియా చల్లనా అని కాదు. ఎదుటనున్నవానికి ఇప్పుడు ఏది కావలెనని మనము అడిగితిమా? ఇదియే ప్రశ్న.

దీనిని మన తల్లులు ఆసుపత్రికి పోకయే ఎరుగుదురు. చంటిబిడ్డను కాళ్లమీద పండబెట్టుకొని నీళ్లు పోయు అమ్మమ్మను చూచితిరి గదా. కాగు దించగానే పోయదు. చన్నీళ్లు కలిపి, ముందు తన ముంజేతిమీద పోసికొని చూచును. ఇంకను సందేహమున్నచో మరల చూచును. ఆమె చేయి తగినదన్నప్పుడే బిడ్డ ఒంటిమీద పోయును. మనము నోటిమాటను ఇట్లు మన ముంజేతిమీద పోసికొని చూచిన తరువాతనే పరులమీద పోయుచున్నామా?

ఇంకొక మాట. నీళ్లు తమంతట తామే వెచ్చబడవు. ఆపరేషనుకు ముందుగానే నర్సు సీసాలను వెచ్చని అలమరలో పెట్టవలెను. గిన్నెలో పోసి ఉంచినచో కొంతసేపటికే అవి గది చల్లదనమునకు దిగిపోవును. నిన్న వెచ్చజేసినది నేటికి రాదు. అక్రమము విస్తరించుటచేత అనేకుల ప్రేమ చల్లారునని ప్రభువు ముందుగా హెచ్చరించెను (మత్తయి 24:12). ఎలీషా మంచమెక్కకముందు తలుపు మూసి ప్రార్థించెను. మనమును రోగి ఇంటికి బయలుదేరకముందు మోకాళ్లూనవలెను. గదిలో వెచ్చబడనివాడు మంచముదగ్గర ఏమి వెచ్చదనమియ్యగలడు?

కావున సంఘస్థులారా, మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: వృద్ధులెవరైనను పడి తలకు దెబ్బ తగిలించుకొని, వారములైన తరువాతనైనను, తలనొప్పి, మఱపు, మత్తు, మాట తడబాటు, ఒకవైపు చేయి కాలు బలహీనత కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవుడి. రక్తము పలుచన చేయు మాత్రలు వేసికొనువారి విషయములో మరింత జాగ్రత్త. గాలి, ధూళి అని దినములు పోగొట్టకుడి. ప్రార్థన చేయుచునే బస్సు ఎక్కవచ్చును. రెండవది: సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు సహోదరీలారా, రోగిని చూడబోయినప్పుడు చెప్పులు రెండును విడిచి లోపలికి పొండి. కూర్చుండుడి. చేయి పట్టుకొనుడి. చెప్పుటకంటె ముందు అడుగుడి. మూడవది: ఒక్కసారితో ఆగక మరల పొండి.

మా పెద్దాయన యిప్పుడు తన చోట కూర్చుండి ఆరాధించుచున్నాడు. ఎడమచేతికి మునుపటి పట్టు పూర్తిగా రాలేదు. ఆ తొమ్మిది దినములు ముందుగా పోయియుండినచో వచ్చియుండెడిదా అని మేము డాక్టరుగారిని అడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత ఒకనాడు ఆయన మంచముమీద కూర్చుండి, ఆ చేతిని మా చేతులలో పెట్టుకొని, మా తప్పు ఒప్పుకొంటిమి. ఆయన నవ్వి, "అయ్యగారూ, మీ చీటీ తలగడ కిందే ఉందండి. అప్పుడు అక్షరాలు కనపడలేదు. ఇప్పుడు మీరే చదివి పెట్టండి" అనెను. ఆ చీటీ తీసి చదివితిమి. అదే వాక్యము, అవే అక్షరములు. అయితే ఈసారి ఆయన చేయి మా చేతిలో ఉండెను. కోడలు గడపయొద్ద నిలువక లోపలికి వచ్చి కూర్చుండెను.

ప్రార్థింతము. ప్రభువా, నీవు మాకు దూరముగా నిలువక మా ఒంటిని ధరించితివి. మా గది హాయిని మా పొరుగువాని హాయి అనుకొనిన మా తప్పును క్షమించుము. మా మాటలను, మా చేతులను నీ సన్నిధిలో ప్రతి ఉదయమున వెచ్చజేయుము. పడినవారిని లేపుము. వైద్యులను, నర్సులను, రోగులను కనిపెట్టు కోడండ్రను, కుమార్తెలను దీవించుము. నీ నామమున అడుగుచున్నాము. ఆమేన్.